కీత్ గారూ, నా కుళ్లూ

రిటైరయ్యాక మేం వచ్చి ఉంటున్న కాపెల్‌లో, మా ఇంటి దగ్గరి మందుల షాపులో మోకాళ్ల నొప్పులకి ఒక తైలం దొరుకుతుంది. నిన్న సాయంత్రం దాని మూత తీశానో లేదో, నీలగిరి ఆకు వాసన గుప్పుమంది. నా మోకాలి సంగతి మరిచిపోయి నలభయ్యేళ్ల కిందటి ఒక గదిలోకి వెళ్లిపోయాను. ఇల్లినాయ్‌లోని అరోరాలో, శనివారం మధ్యాహ్నం, పొడుగ్గా బక్కపలచగా ఉండే ఒక మనిషి సోఫా అంచున కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, ఇదే వాసన వేసే నూనెతో ఎడమ మోకాలు రుద్దుకుంటూ, రెండో చేత్తో టేప్ రికార్డర్ మీట నొక్కుతున్నాడు. ఆయన పేరు కీత్. నేను పనిచేసిన పంపుల ఫ్యాక్టరీలో డ్రాయింగ్ ఆఫీసుకి అధికారి. సొంత ఊరు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. మా నాన్నకి కూడా ఇవ్వనంత గౌరవం ఆయనకి ఇచ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడవలసిన సంగతి వేరే ఉంది.

డెబ్భయ్యో దశకం చివర్లో ఆ ఉద్యోగంలో చేరాను. మూడో నెలలో ఒక పంపు మూత డ్రాయింగ్‌లో బోల్టు రంధ్రాల కొలత తప్పు వేశాను. మూతలు తయారయ్యాక గానీ అది బయటపడలేదు. ఫోర్‌మన్ ఒక మూత చంకన పెట్టుకుని మా గదిలోకి వచ్చి, "ఎవడు గీశాడిది?" అని అరిచాడు. నాకు ముందు వీసా గుర్తొచ్చింది. కీత్ గారు లేచి, డ్రాయింగ్ అందుకుని, కింద మూలన వేలు పెట్టి, "ఈ సంతకం నాది. చెక్ చేసింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు," అన్నారు. ఫోర్‌మన్ గొణుక్కుంటూ వెళ్లాక నా బోర్డు దగ్గరికి వచ్చి, "ప్రాబ్, నీకు ఎప్పుడు అనుమానం వచ్చింది?" అని మెల్లగా అడిగారు. నా పేరు ప్రభుదాసు. ఆయన నాలుక మీద అది ప్రాబ్ అయింది. నిన్ననే అని నసిగాను. "నిన్న చెప్పుంటే సగం మూతలు మిగిలేవి," అన్నారంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి నేను ఆయన మనిషిని.

ఆయనకి ఒకే ఒక పిచ్చి ఉండేది. వాళ్ల దేశపు ఫుట్‌బాల్. క్రికెట్ మైదానమంత కోలగా ఉన్న గ్రౌండులో, కోడిగుడ్డు ఆకారపు బంతితో, ఒక్కోవైపు పద్ధెనిమిది మంది, నాలుగు క్వార్టర్లుగా ఆడే ఆట. బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, ఎదుటివాడి భుజాలెక్కి గాలిలో పట్టుకోవచ్చు. కొత్తగా వచ్చిన ఒక కేబుల్ చానెల్ అప్పుడప్పుడు ఆ మ్యాచ్‌లు చూపించేది. అందుకోసమే కేబుల్ పెట్టించుకున్నారు. ఆయనది ఆకుపచ్చ చొక్కాల జట్టు. ఏటా ఆశపెట్టి, ఏటా ముంచేది. అదే జట్టు అభిమాని డాట్ అనే నర్సు కూడా మెల్‌బోర్న్ నుంచి వచ్చి అరోరా ఆసుపత్రిలో పనిచేసేది. శనివారాలు వాళ్లిద్దరూ కూర్చుని వాదించుకునేవాళ్లు. ఒకసారి కీత్ గారు నన్ను రమ్మన్నారు. నాకు చిన్నప్పటి నుంచీ ఏ ఆటా పట్టదు. అయినా ఆ సోఫాలో చోటు దొరకడం కోసం నియమాలన్నీ బైబిల్ వాక్యాల్లా కంఠతా పట్టాను. ఆయన మెచ్చుకునేలా మాట్లాడటం కూడా నేర్చుకున్నాను.

రెండేళ్లు అలా హాయిగా గడిచాయి. తరువాత నా భార్య సుగుణ వచ్చింది. బాపట్ల పిల్ల. ఆదివారాలు తెలుగువాళ్లం కొందరం ఒక ఇంట్లో కలిసి చేసుకునే ప్రార్థన తప్ప తనకి బయట ప్రపంచం లేదు. ఒక మార్చి నెల శనివారం, బయట మంచు ఇంకా కరగలేదు, ఒంటరిగా ఉండలేనంటే తనని కూడా కీత్ గారింటికి తీసుకెళ్లాను. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ రోజు టీవీలో ఆట లేదు. సీజన్ మొదలయ్యే ముందు జట్లు బలాబలాలు చూసుకోవడానికి ఆడే మ్యాచ్ ఒకటి మెల్‌బోర్న్‌లో జరిగింది. దాని రేడియో కామెంటరీని కీత్ గారి తమ్ముడు క్యాసెట్ మీద పట్టి విమానం పోస్టులో పంపాడు. అక్కడి వీడియో టేపులు ఇక్కడి మెషీన్లలో ఆడవు గనుక అదే గతి. ఆకుపచ్చ జట్టు చిత్తుగా గెలిచింది. కొత్తగా వచ్చిన పొడుగాటి ఫార్వర్డ్ గోల్ మీద గోల్ కొట్టాడు. టేప్ ఆగగానే డాట్ చప్పట్లు కొట్టి, "ఈ ఏడు ఫైనల్స్ ఖాయం!" అంది. ఫైనల్స్ అంటే సీజన్ చివర, పైనున్న కొన్ని జట్లు మాత్రమే ఆడే మ్యాచ్‌లు. కీత్ గారి మొహం చూసి నేను కూడా, "సందేహమే లేదు," అన్నాను.

సుగుణ వాళ్లన్నయ్యలతో కలిసి రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ పెరిగింది. వింటున్నంతసేపూ గచ్చు మీద సుద్దతో గ్రౌండు గీసి, ఎవరెక్కడున్నారో గుర్తులు పెట్టడం తన పని. ఇక్కడ కూడా ఎవరూ అడక్కుండానే ఒక కాగితం మీద కోలగా గీసి చుక్కలు పెట్టుకుంది. కీత్ గారు ఆ కాగితం చూసి, "నువ్వేమంటావ్ సుగుణా?" అని అడిగారు. తను నా వైపు చూసింది. నేను పర్లేదన్నట్టు నవ్వాను.

"నాకు గేమ్ కొత్తండీ," అంది తన ఇంగ్లీషులో, తడుముకుంటూ. "కానీ గోల్స్ అన్నీ ఒక్కడే కొట్టాడు. బాల్ ప్రతిసారీ అతనికే వెళ్తోంది. అతని కాలు నొప్పెడితే ఎవరున్నారు? అవతలివాళ్లు లాస్ట్ క్వార్టర్‌లో కొత్తవాళ్లని ట్రై చేశారు కదా. అప్పుడు కూడా మనవాళ్లు డిఫెన్స్‌లోనే ఉన్నారు. ఈ టీమ్ ఫైనల్స్‌కి వెళ్లదండీ."

"మళ్లీ చెప్పు," అన్నారు కీత్ గారు. తను మళ్లీ చెప్పింది. ఆయన టేప్ వెనక్కి తిప్పి, ఆ కాగితం ముందు పెట్టుకుని, చివరి క్వార్టర్ మొత్తం విన్నారు. ఆ తరువాత నా వైపు కాదు, సుగుణ వైపు తిరిగి, "ఛ, నిజమే," అన్నారు.

సీజన్ సగంలో ఆ ఫార్వర్డ్ తొడ కండరం పట్టేసింది. జట్టు కిందికి జారుతూ పోయింది. అప్పటి నుంచి సోమవారం ఉదయం కీత్ గారు నా బోర్డు వైపు నడిచి వస్తుంటే నా గుండె పొంగేది. దగ్గరికొచ్చి, "సుగుణ ఏమంటోంది? మధ్యలో ఆ పొట్టివాణ్ణి ఉంచాలంటుందా, తీసెయ్యాలంటుందా?" అని అడిగేవారు. నేను తన మాటలు మోసే పోస్ట్‌మన్‌ని అయిపోయాను. శనివారాలు తనకి కిటికీ పక్క కుర్చీ ప్రత్యేకం. టీ ముందు తనకే. ఆయన నోట 'సుగుణ' ఎన్నిసార్లు వచ్చిందో, 'ప్రాబ్' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవాణ్ణి. ఇంటికొచ్చాక పులుసులో ఉప్పు ఎక్కువైందనేవాణ్ణి. తన ఇంగ్లీషు ఉచ్చారణని స్నేహితుల ముందు వెక్కిరించేవాణ్ణి. తను నవ్వి ఊరుకునేది. నన్ను మరింత మండించింది ఆ నవ్వే. ఆయన నాకు దొరికిన మనిషి. నేను రెండేళ్లు కంఠతా పట్టి సంపాదించుకున్న చోటుని, తను ఒక కాగితం ముక్కతో ఒక్క మధ్యాహ్నంలో తీసేసుకుంది. అప్పట్లో నాకు అలాగే అనిపించింది.

మరుసటి మార్చిలో మళ్లీ క్యాసెట్ వచ్చింది. సోమవారం కీత్ గారు దాన్ని నా చేతిలో పెట్టి, "మేం ఎవరం వినలేదు. ముందు సుగుణని విననీ. శనివారం తను చెప్పాకే వాదన," అన్నారు. నేను దాన్ని కార్‌లో గ్లవ్ బాక్స్‌లో పడేశాను. లంచ్ టైమ్‌లో పార్కింగ్‌లో కూర్చుని నేనే విన్నాను, మూడు రోజులు. బుధవారం కీత్ గారితో, "సుగుణకి ఇంట్రెస్ట్ తగ్గింది, రానంటోంది," అని చెప్పాను. ఇంట్లో సుగుణతో, "ఈసారి మగవాళ్లం మాత్రమేనట," అన్నాను. రెండు అబద్ధాలూ ఎంతో సాఫీగా వచ్చాయి.

శనివారం ఒక్కణ్ణే వెళ్లి, తయారు చేసుకున్న ప్రసంగం చదివాను. కీత్ గారు ఓపిగ్గా విన్నారు. డాట్ మాత్రం ఎవరి వైపూ చూడకుండా టీ తాగుతూ కూర్చుంది.

సోమవారం ఆయన నన్ను బయటికి పిలిచారు. ఫ్యాక్టరీ గోడ వెంట నడిచాం, ఆయన కుంటుతూ. "గురువారం కిరాణా షాపులో డాట్‌కి సుగుణ కనిపించింది. మగవాళ్లు మాత్రమే అన్నానట నేను," అన్నారు. నేను తల దించుకున్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"వయసులో ఉన్నప్పుడు నేను అక్కడ రిజర్వ్ జట్టులో ఆడేవాణ్ణి. నా చోటుకి ఇంకొకడు పోటీ వచ్చాడు. నాకంటే బాగా ఆడేవాడు. పెద్ద మ్యాచ్ ముందు కోచ్, 'వాడి చీలమండ తగ్గిందా?' అని నన్నడిగాడు. తగ్గింది. నేను మాత్రం, ఇంకా కుంటుతున్నాడని చెప్పాను. నన్ను ఆడించారు. ఓడిపోయాం. అతనికి ఈ రోజుకీ చెప్పలేదు." వంగి మోకాలు రుద్దుకుంటూ, "అసూయ రాకుండా ఆపుకోలేం, ప్రాబ్. రాగానే పైకి చెప్పెయ్. అది పైకి తెలిశాక దాంతో దొంగపనులు చేయలేవు. ఇప్పుడు ఇంటికెళ్లి ఆమెకి చెప్పు. ఇకముందు మా ఇంటికి నువ్వు రావాలంటే ఆమె పిలవాలి," అన్నారు.

ఆ సాయంత్రం క్యాసెట్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, మొత్తం చెప్పాను. సుగుణ ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

"నాకు గురువారమే తెలుసండీ. మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నా."

"నాకు కుళ్లొచ్చింది, సుగుణా."

తను కత్తి కింద పెట్టింది. "ఈ దేశం వచ్చాక అందరూ నన్ను మిసెస్ ప్రభుదాసు అన్నవాళ్లే. పేరు పెట్టి పిలిచి, 'నువ్వేమంటావ్' అని అడిగింది ఆయనొక్కరే. మీకు ఆఫీసుంది, ఫ్రెండ్స్ ఉన్నారు, కారుంది. నాకున్న ఆ ఒక్క శనివారం కూడా మీకే కావాలా?"

నేను బల్ల మీది క్యాసెట్ తీసి తన చేతిలో పెట్టాను.

అప్పటికి డ్రైవింగ్ నేర్చుకుంది గనుక, ఆ వేసవంతా శనివారాలు సుగుణ తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లేది. నేను కిటికీలోంచి కారు మలుపు తిరిగే దాకా చూసి, బట్టలు ఉతికే మెషీన్ ముందు కూర్చునేవాణ్ణి. ఆ ఏడు జట్టు ఫైనల్స్‌కి వెళ్తుందని తనొక్కతే చెప్పిందట. డాట్ నవ్విందట, కీత్ గారు కూడా తల అడ్డంగా ఊపారట. జట్టు వెళ్లింది. వాటిలో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయిందనుకోండి. ఆ మ్యాచ్ టీవీలో వేసిన రోజు సుగుణ కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "వస్తారా?" అంది. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోకుండానే పరిగెత్తాను. ఆ సోఫాలో చివర కూర్చుని, మూడు గంటల్లో ఒక్క అభిప్రాయం కూడా చెప్పలేదు. కీత్ గారు వేరుసెనగల గిన్నె నా వైపు జరిపారు.

మరుసటి సంవత్సరం మా ఫ్యాక్టరీలో డ్రాయింగ్‌లూ భాగాలూ సరిచూసే ఇన్‌స్పెక్షన్ విభాగంలో ఖాళీ వస్తే, కీత్ గారు సుగుణని దరఖాస్తు పెట్టమన్నారు. పరీక్ష తనే రాసి, ఉద్యోగం తనే తెచ్చుకుంది. తరువాతి ఇరవై రెండేళ్లు నా డ్రాయింగ్‌లు ఎర్ర గుర్తులతో నా బోర్డు మీదికి తిరిగి వచ్చేవి, కింద నా భార్య సంతకంతో. అవి చూసినప్పుడల్లా లేచి తన టేబుల్ దగ్గరికి వెళ్లి, "సుగుణా, కుళ్లు," అనేవాణ్ణి. "రంధ్రం చూసుకోండి ముందు," అనేది.

ఎనభయ్యో దశకం చివర్లో కీత్ గారు మెల్‌బోర్న్ వెళ్లిపోయారు. విమానాశ్రయంలో సుగుణని గట్టిగా కౌగిలించుకుని, నాకు చేయి మాత్రం చాపారు. "మళ్లీ వచ్చింది సార్," అన్నాను. ఆయనకి అర్థమైంది. నవ్వి, నన్ను కూడా దగ్గరికి లాక్కున్నారు. ఆ తరువాత కొన్నేళ్లకి, తన పాత పోటీదారుని వెతికి పట్టుకుని నిజం చెప్పానని ఉత్తరం రాశారు. అతను ఏమన్నాడో మాత్రం రాయలేదు. ఆయన పోయిన సంగతి ఆయన తమ్ముడు రాస్తే తెలిసింది.

పోయిన ఆదివారం మా చర్చిలో కొత్త హాలు కట్టించే కమిటీకి ఒక పెద్దని ఎన్నుకున్నారు. జీవితమంతా డ్రాయింగ్‌లు గీసినవాణ్ణి కదా, నన్నే అడుగుతారని ముందు వరసలో కూర్చున్నాను. సుగుణని అడిగారు. అందరితో పాటు చప్పట్లు కొట్టాను. కారెక్కి తలుపు వేసుకున్నాక అన్నాను:

"సుగుణా, కుళ్లుగా ఉంది."

"ఎంత?"

"చాలా."

"సరే," అంది, కారు స్టార్ట్ చేస్తూ. "సీట్ బెల్ట్ పెట్టుకోండి."