నానేటి సెయ్యాలమ్మా?

ఇరవయ్యేళ్ల కిందట మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ పిల్లల ముందు చతికిలబడి ఒకటే మాట అడిగేది: "ఇప్పుడు నానేటి సెయ్యాలమ్మా?" వాళ్లు ఆవంటే ఆవయ్యేది, పెళ్లికూతురంటే తలొంచుకుని సిగ్గుపడేది. "జీతమిచ్చి మరీ ఆడిత్తన్నారు" అని ఊరు నవ్వేది. నేనూ నవ్వాను.

ఆ ఏడు భావనపాడు నుంచి చేపల వేటకెళ్లిన తెప్ప తిరగబడి మా ఊరతను ఒకడు పోయాడు. శవం దొరకలేదు. అతని నాలుగేళ్ల కూతురు మాట మానేసింది. నెల తరవాత ఒకనాడు ఆ పిల్ల కొబ్బరి ఈనెలతో చిన్న పాడె కట్టి, దాని మీద జీడిపిక్కను పడుకోబెట్టి, టీచరమ్మ వైపు చూసింది.

"నానేటి సెయ్యాలమ్మా?"

"ఏడవాల."

నెల రోజుల్లో అది పలికిన మొదటి మాట. టీచరమ్మ కొంగు కప్పుకుని నిజంగానే ఏడ్చింది. పిల్ల పిక్కను ఇసకలో పూడ్చింది.

అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నది నేను, భజన సంఘం పెద్దను.

"పసిపిల్లల చేత పాడె కట్టిస్తావా? అపచారం!"

"ఆడనీండి బావూ. దాని దుక్కం అలాగైనా ఎల్లనీండి," అని ఆమె చేతులు జోడించింది.

నేను వినలేదు. పంచాయతీ పెద్దలకు చెప్పి ఆమెను తీయించాను. కొత్తగా వచ్చినావిడ పిల్లలకు పలకలిచ్చి వరసగా కూర్చోబెట్టింది. ఆ పిల్ల గీత గీయలేదు, మళ్లీ నోరు విప్పలేదు.

ఆ సాయంత్రాలన్నీ నేను భాగవతం చదివాను. మన్ను తిని, వెన్న దొంగిలించి, ఆటలాడిన దేవుణ్ణి కళ్లనీళ్లతో కొలిచాను.

ఇప్పటికీ హారతి పట్టి, "స్వామీ, నేనేం చెయ్యాలి?" అని అడుగుతాను. ఆ పిల్ల చెప్పిన మాటే వినిపిస్తుంది. ఏడుపు మాత్రం రాదు.