తాడుకు అటు కొస

దయ్యం కథ ఎవరు మొదలుపెట్టినా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకాన్ని నేను. సిడ్నీలోని మా గిరావీన్‌లో శనివారం సాయంత్రం నలుగురు తెలుగువాళ్ళు కలిశారంటే, ఎవరో ఒకరు తమ అద్దె ఇంట్లో తలుపు దానంతటదే తెరుచుకున్న సంగతి ఎత్తుకుంటారు. "ఆ కీలుకు కాస్త నూనె వెయ్యండి" అని మొహం మీదే అనేసేదాన్ని. మా ఆయన పక్కనుంచి మోచేత్తో పొడిచేవాడు. నేను చదివింది వ్యవసాయం. మట్టి, నీళ్ళు, ఎండ, తెగులు, ఇవే నాకు తెలిసినవి. దయ్యాలున్నాయని ఒప్పించడానికి ఇప్పుడు కూడా రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నేను పనిచేసేది ఇంటి నుంచి గంట ప్రయాణంలో, కొండల వైపు ఉన్న ఒక గోల్ఫ్ కోర్సులో. ఆ మాట చెప్పగానే మనవాళ్ళు రిసెప్షన్‌లో అనుకుంటారు. కాదండీ, గడ్డి కోస్తాను అంటే వెంటనే మాట మార్చేస్తారు. మార్చుకోనీ, నాకేం. ఆ పనంటే నాకు ఇష్టం.

బంతి పడాల్సిన గుంట చుట్టూ తివాచీలా నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుందే, దాన్ని గ్రీన్ అంటారు. పొద్దున్నే దాని మీద మంచు బిందువులు ఉండగా మెషిన్ తిప్పితే గడ్డి సరిగా తెగదు. అందుకని ఒక పొడవాటి తాడును చెరో కొసా పట్టుకుని, గ్రీన్‌కి అటొకరు ఇటొకరు నడుస్తూ ఈడుస్తాం. తాడు వెళ్ళిన మేర నీళ్ళు రాలిపోయి గడ్డి ముదురు రంగుకు తిరుగుతుంది. ఒక్కరే లాగితే తాడు వంకర తిరిగి సగం తడి అలాగే ఉండిపోతుంది. కచ్చితంగా ఇద్దరు కావాలి.

మంచు గడ్డకట్టి తెల్లగా ఉంటే మాత్రం సంగతి వేరు. దాన్ని ఫ్రాస్ట్ అంటాం. దాని మీద అడుగు వేస్తే తొక్కిన చోటల్లా గడ్డి చచ్చిపోతుంది. నల్లటి పాదాల గుర్తులు వారాల తరబడి పోవు. అలాంటి చోట ముందు నీళ్ళు చల్లి కరిగించాలి. ఆ ఏడు సెప్టెంబరు నడుస్తున్నా చలి వదల్లేదు. ఇక్కడ సెప్టెంబరంటే వసంతం, కానీ పేరుకే. వాగు పక్కనున్న పల్లపు గ్రీన్ రోజూ తెల్లగానే ఉండేది.

తాడుకు అటు కొస పట్టుకునేది అప్పన్న అంకుల్. చాలా ఏళ్ళ క్రితం ఫిజీ నుంచి వచ్చి సిడ్నీలో స్థిరపడ్డ మనిషి. వాళ్ళ పెద్దవాళ్ళు చెరకు తోటల్లో పనికని ఫిజీకి వెళ్ళారట. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో కాస్త హిందీ, కాస్త ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నన్ను బేటీ అని పిలిచేవాడు. "నీదేం తెలుగు బేటీ, హాఫ్ ఇంగ్లీషు" అని ఆటపట్టించేవాడు. పనిలో నాకు నచ్చిన ఒకే ఒక్క మనిషి ఆయన.

ఆ చలిలో ఆయన గట్టు ఎక్కుతూ మధ్యలో ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం చూశాను. అడిగితే "గ్యాస్, బేటీ. ఆంటీ పప్పు ఎక్కువ పెట్టేసింది" అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. "స్ప్రింగ్ టోర్నమెంట్ అయిపోనీ" అన్నాడు. మర్నాడూ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. "మీరు డాక్టరుకి చూపించుకునేదాకా మీతో మాట్లాడను" అన్నాను. "గుడ్. పీస్ అండ్ క్వైట్" అని నవ్వాడు. నేను నిజంగానే మానేశాను. నా మొండితనం సంగతి మా ఆయన్ని అడగండి, చెప్తాడు.

మాటల్లేకపోయినా పని ఆగలేదు. తాడుతోనే మాకు కొన్ని సైగలున్నాయి. ఒకసారి గుంజితే ఆగు, రెండుసార్లు గుంజితే పద. గుంటలో నిలబెట్టిన జెండా కర్ర దగ్గరికి రాగానే ఆయన తాడును విదిలిస్తాడు. ఆ విదిలింపు అలలాగా నా చేతిదాకా వస్తుంది. నేను చెయ్యి పైకెత్తుతాను, తాడు జెండా మీదుగా దాటిపోతుంది. మా ఇద్దరికీ అలవాటైన పద్ధతి అది. మిగతావాళ్ళెవరూ అలా చెయ్యరు.

ఆ రోజు పొద్దున తెల్లవారింది గానీ పొగమంచు దట్టంగా ఉంది. డ్యూటీలో ఉన్నది మేమిద్దరమే. మా సూపర్‌వైజర్ గ్లెన్ ఇంకా రాలేదు. పల్లపు గ్రీన్‌కి నీళ్ళు పెట్టడానికి అంకుల్ తన బగ్గీలో, అంటే చిన్న బ్యాటరీ బండిలో, ముందే వెళ్ళాడు. పంపు తిప్పేసి పైకి వచ్చి నాతో తాడు లాగాలి. రోజూ అంతే.

నేను మొదటి గ్రీన్ దగ్గర తాడు చుట్ట విప్పి, నా కొస పట్టుకుని ఇటువైపుకి నడిచాను. గ్రీన్‌కి అవతలి అంచు కనపడటం లేదు. కాసేపటికి తాడు బిగిసింది. రెండు గుంజులు వచ్చాయి. వచ్చాడన్నమాట అనుకుని నడిచాను. పలకరించలేదు. ఆయనా పలకరించలేదు. జెండా దగ్గర విదిలింపు వచ్చింది, చెయ్యెత్తాను. ఆ మొదటి మూడు గ్రీన్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి తాడు చుట్టకుండా, చెరో కొసా పట్టుకునే నడిచి వెళ్తాం. రెండో గ్రీన్ అయింది. మూడోదీ అయింది. ఎక్కడా ఏ తేడా లేదు. ఆయన నడక మామూలుకన్నా నిమ్మళంగా ఉందనిపించింది. ఒంట్లో బాగున్నట్టుందిలే అని లోపల సంతోషించాను కూడా.

మూడో గ్రీన్ అవగానే మామూలుగా వెనక్కి తిరగాలి. తాడు మాత్రం కిందికి, వాగు వైపుకి లాగింది. అక్కడ ఫ్రాస్ట్. నాకు కోపం వచ్చి మౌనవ్రతం మర్చిపోయాను.

"అంకుల్, ఎక్కడికి? అక్కడ తొక్కితే గ్లెన్ మనిద్దర్నీ తొక్కుతాడు" అని అరిచాను.

తాడు బిగువు తగ్గలేదు. గుంజడం కాదు, చెయ్యి పట్టుకుని నడిపించినట్టు లాగుతూనే ఉంది. తిట్టుకుంటూ వెనకే దిగాను. పంపు షెడ్డు నీడలాగా కనపడుతుండగా తాడు ఒక్కసారిగా వదులైంది. చేతికి చుట్టుకుంటూ లాగాను. అటు కొస తేలిగ్గా నా దగ్గరికి వచ్చేసింది. దాన్ని పట్టుకున్నవాళ్ళెవరూ లేరు.

షెడ్డు పక్కన అంకుల్ బగ్గీ ఉంది. షెడ్డు వెనక అంకుల్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి ఉంది. ఆయన టోపీ మీద, జాకెట్ మీద గడ్డి మీద ఉన్నట్టే తెల్లగా ఫ్రాస్ట్ పట్టి ఉంది. పంపు తిప్పనే లేదు.

ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు ట్రిపుల్ జీరోకి ఫోన్ చేశాను. వాళ్ళు చెప్పినట్టల్లా చేశాను. నా జాకెట్ తీసి ఆయన మీద కప్పి, ఏడుస్తూ కూర్చున్నాను. ఏడ్చానని చెప్పడానికి సిగ్గేం లేదు.

వాగు పక్క దారిన వచ్చిన ఆంబులెన్సు వెళ్ళేసరికి పొగమంచు విడిపోయింది. నేను దిగివచ్చిన గట్టు మీద తడి గడ్డిలో నా బూట్ల జాడ ఒక్కటే ఉంది. పైకి వెళ్ళి చూశాను. మూడు గ్రీన్లూ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా శుభ్రంగా ఉన్నాయి. ఇటువైపు నా అడుగులు. అటువైపు, గ్రీన్ బయట రెండో మనిషి నడవాల్సిన గడ్డి మీద, మంచు బిందువులు చెదరకుండా ఉన్నాయి. అప్పుడే వచ్చిన గ్లెన్ చూసి, "ఇదంతా ఒక్కదానివే ఎలా చేశావు?" అన్నాడు.

తాడు దేనికో చిక్కుకుని ఉంటుందని మా ఆయన అన్నాడు. చిక్కుకున్న తాడు మూడు గ్రీన్లు నాతో సమానంగా ఎలా నడుస్తుంది? కంగారూ ఏదైనా లాక్కెళ్ళిందేమో అన్నాడు గ్లెన్. జెండా దగ్గర తాడు విదిలించే కంగారూని నేనింతవరకూ చూడలేదు.

అంకుల్‌కి స్టెంట్లు వేశారు. చాలాసేపు ఆ చలిలో పడి ఉన్నాడని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. మాటలు వచ్చాక చూడటానికి వెళ్ళాను. ఆంటీ కాఫీ తేవడానికి కిందికి వెళ్ళింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"థాంక్స్, బేటీ. నువ్వు పక్కన కూర్చోకపోతే నేను నిద్రపోయేవాణ్ణి."

"ఆంబులెన్సు వచ్చేదాకా కూర్చున్నాను, అంకుల్. అదేముంది."

"నో నో, దానికి ముందు. పడిపోయిన వెంటనే. నోరు రాలేదు, చెయ్యి లేవలేదు. ఈ అమ్మాయి నాతో మాట్లాడటం లేదు కదా, స్మోకో దాకా వెతకదు, ఖతమ్ అనుకున్నాను. అంతలో నువ్వు వచ్చేసినావు. హోల్ టైమ్ నా చెయ్యి పట్టుకుని మాట్లాడినావు."

స్మోకో అంటే మా పొద్దుటి టీ విరామం. "ఏం మాట్లాడాను?" అని అడిగాను.

"నిద్రపోవద్దు, నిద్రపోవద్దు అన్నావు. ఇంకొక్క గ్రీనే ఉంది, అయిపోగానే అమ్మాయి వచ్చేస్తుంది అన్నావు." ఆయన నా మొహంలోకి చూశాడు. "అదొక్కటే అర్థం కాలేదు. ఏ అమ్మాయి, బేటీ? నువ్వు నా దగ్గరే ఉన్నావు కదా."

ఆంటీ కాఫీతో వచ్చింది. నేను లేచి ఆవిడ చేతిలోంచి కప్పులు అందుకున్నాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ పొగమంచులో నాతో నడిచిందెవరో, ఆయన పక్కన కూర్చున్నదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. కూర్చున్నది నేను మాత్రం కాదు.