ఒకే వాక్యం మీద వేలు

రెండువేల ఐదు ప్రాంతంలో, ఏన్కూరు అవతల అడవి అంచు సబ్‌స్టేషన్‌లో సబ్ ఇంజినీరుగా చేరాను. రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో బైబిల్ పూర్తయ్యేలా పట్టిక గీసుకుని, చదివినవాటికి టిక్కు పెట్టేవాణ్ణి. అక్కడి లైన్‌మన్ కూడా డ్యూటీ ఎక్కేముందు బైబిల్ తెరిచేవాడు. కానీ నెల దాటినా ఆయన వేలు మత్తయి సువార్తలో ఒకే వాక్యం మీద ఉండేది. అది చూస్తే నాకు కుదురుండేది కాదు.

“ఏందన్నా, మిగతా పేజీలు అంటుకుపోయినయా?” అన్నాను.

“అన్నతోని సమాధానపడమని ఉంది సారూ. అది చెయ్యకుండ ముందుకెట్ల పోత? బోరు కాడ కొట్లాడి నాలుగేండ్లాయె. రెండుసార్లు తల్లాడల ఆయనింటికి పోయి, వాకిట్ల నుంచే మళ్లొచ్చిన.”

ఆ ఆదివారం లోపలికి వెళ్లాడట. సోమవారం అడిగాను, “మీ అన్న మాట్లాడిండా?” అని.

“నాతోని మాట్లాడలె. చాయ్‌ల చక్కెర సరిపోయిందో లేదో నన్ను అడగమని వదినకు చెప్పిండు.”

“ఇంకేం, పేజీ తిప్పు.”

“తప్పు నాదేనని ఇంకా చెప్పలె సారూ. వచ్చే ఆదివారం మళ్ల పోత.”

ఆ పొద్దున నేనూ మూడు అధ్యాయాలు చదివి వచ్చాను. వాటిలో నన్ను ఏం చేయమని ఉందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.