విప్పని బిర్యానీ పొట్లం

బిర్యానీ వాసన తగిలితే నాకు చార్మినారు కాదు, గద్వాల బస్టాండు గుర్తొస్తుంది.

ఆ రోజు హైదరాబాదు నుంచి వస్తున్న బస్సులో నా పక్కన ఒక పెద్దాయన ఒళ్లో బిర్యానీ పొట్లంతో కూర్చున్నాడు. చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి, చివరి రోజని పొద్దున్నే చార్మినారు ఎక్కి, మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడి చూసి వస్తున్నాడట.

జడ్చర్ల దాటాక ఆయన ఫోను మోగింది.

"ఆఁ, తిన్న. పెద్ద హోటల్ల కడుపునిండ తిన్న. నువ్వు గూడ తిను."

పొట్లానికి కట్టిన దారం కట్టినట్టే ఉంది. నేను దాన్నే చూస్తుంటే ఆయన సిగ్గుపడ్డాడు.

"నేను తినంది మా ఇంటామె ముద్ద ముట్టది సారూ. గందుకే గట్ల చెప్పిన. హోటల్ల ఒక్కన్నే కూసొని తిన మనసొప్పలే. ఇంటికి పోయినంక ఇద్దరం తింటం."

ఈ కాలంలో ఇంకా ఇదేం పద్ధతి అని లోపల విసుక్కున్నాను.

గద్వాల బస్టాండులో ఆమె ఎదురొచ్చింది. ముందు పొట్లాన్ని, తర్వాత ఆయన ముఖాన్ని చూసింది. జొన్నరొట్టెల మూట ఆయన చేతిలో పెట్టింది.

"నీ గొంతు ఇంటె నాకు తెల్వదా? జల్ది తిను. నాకు ఆకలైతుంది."