పటం అద్దం మీద దొర్లించిన రాడు

లారీ ఇంకా మలుపు తిరగకముందే, దాని మోత విని నడుపుతున్నది మా నాయనో మా తాతో చెప్పేసేదాన్ని నా చిన్నప్పుడు. ఇద్దరూ నడిపేది ఒకటే లారీ. మా నాయన చేతిలో అది అరిచేది, మా తాత చేతిలో గొణిగేది. తాత కొనేనాటికే అది ముసలిది. మా ఇంటికి ఏ వస్తువూ కొత్తగా వచ్చిందీ లేదు, ఊరికే బయటికి పోయిందీ లేదు. నేను చిన్న తరగతుల్లోనే బడి మానేసినదాన్ని. ఇంజను గురించి నాకు తెలిసిందంతా ఆ లారీ ముందు సీట్లో వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని తెలుసుకున్నదే.

అది పనసకాయల కాలం. మా మేనత్తను ఇచ్చిన ఊరు అడవి అంచున ఉండేది. సెలవులు అక్కడ గడిపి, కాయలు నింపుకున్న మా లారీలోనే తిరిగి వస్తున్నాను. డెంకణికోట మీదుగా హోసూరు చేరాలి. నడుపుతున్నది నాయన, నాకు అవతలి పక్క తాత. కాయల్లో చాలావరకు అప్పటికే మాగి గుప్పుమంటున్నాయి. ఆ వాసన మనకెంత ఇష్టమో ఏనుగులకు అంతకన్నా ఇష్టం. అందుకే పనస లోడు వేసుకున్నవాళ్ళు పొద్దు వాలకముందే ఆ అడవి దాటేస్తారు. దారిలో మంచినీళ్ళకు కూడా బండి ఆపరు.

కొండ మీది ఘాటు రోడ్డు సగం ఎక్కాక ఇంజనులో ఏదో టకటకా కొట్టుకుంది. లారీ ఒళ్ళంతా వణికింది, వెనక నల్లగా పొగ లేచింది. నాయన ఇంకా గట్టిగా తొక్కాడు.

"తొక్కొద్దప్పా, ఆపు," అన్నాడు తాత.

ఒక కల్వర్టు పక్కన ఆపాడు. బండి ఆగితే చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టేది ఎప్పుడూ నేనే. పెట్టి వచ్చేసరికి తాత బానెట్టు ఎత్తి, ఇంజను నెత్తిమీది మూత విప్పుతున్నాడు. లోపల రాకర్లు, తూగుడుబల్లల్లా అటూ ఇటూ ఊగే ఇనుప ముక్కలు, బారుగా కూర్చుని ఉంటాయి. కింద నుంచి సన్నని గొట్టం లాంటి రాడు ఒకటి రాకరును ఒకవైపు పైకి తోస్తుంది. అది రెండోవైపు కిందికి వంగి వాల్వును నొక్కుతుంది. వాల్వు తెరుచుకుని మూసుకుంటుంటేనే ఇంజనుకు ఊపిరి ఆడేది. ఆ రాడ్లలో ఒకటి తన గుంటలోంచి జారిపోయి, రాకరు కింద ఇరుక్కుని, విల్లులా వంగిపోయి ఉంది.

రాకరుకూ వాల్వుకూ మధ్య సన్నని సందు ఉంటుంది, అది మారకుండా పట్టి ఉంచే నట్టు ఒకటి రాకరు మీద ఉంటుంది. తాత దాన్ని వేలితో తాకాడు. స్పానరు పెట్టకుండానే అది గిర్రున తిరిగింది. అంతకు ముందు వారం తాత ఊళ్ళో లేనప్పుడు, ఈ మాత్రం నాకు రాదా అని వాల్వుల సందు సరిచేసింది మా నాయనే. ఆ ఒక్క నట్టూ బిగించడం మరిచిపోయాడు. అది వదులై, సందు పెరిగి, రాడు జారింది. తిరుగుతున్న నట్టును నాయన చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాత ఇప్పుడేమంటాడో అని నేను ఆయన వైపు తిరిగాను.

తాత వేలు తీసేసి, "రాడు వంగిందప్పా," అన్నాడు. అంతే.

"దాన్ని తీసేసి పోదాం నాయనా. మిగతా సిలిండర్లు లాగతాయి కదా," అన్నాడు నాయన.

"చదునులో లాగతాయి. ఈ బరువుతో ఘాటు ఎక్కవు."

"అట్లయితే కాయలు ఈడే దించేద్దాం."

"ఈడ దించినామంటే ఆకు వేసి వడ్డించినట్టే. మనం పోయేదాకా అవి ఆగతాయా?"

ఆయన మాట ముగియకముందే, లోయలో వెదురు పొదల వైపు కొమ్మ ఒకటి ఫెళ్ళున విరిగింది. ముగ్గురం విన్నాం. ఎవరూ ఏనుగు అని నోటితో అనలేదు. పొద్దు ఎదుటి కొండ నెత్తికి దిగుతోంది. దారిలో ఇంకో బండి జాడ లేదు.

నాయన రాడును పైకి లాగి, రోడ్డు పక్కన బండ మీద పెట్టి సుత్తి ఎత్తాడు. తాత ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది బోలు కడ్డీప్పా. సుత్తితో కొడితే సొట్ట పడతాది. ఇంక దేనికీ పనికిరాదు."

"మరేం చేస్తావు? సామికి మొక్కుకుంటా కూర్చుంటావా?" నాయన గొంతు లేచింది. భయం వేస్తే అరవడం ఆయన అలవాటు.

"మొక్కేది కాదు, సామినే కిందికి దించతా."

డ్రైవరు ముందరి అద్దాల పైన, పసుపు కుంకుమలతో మా లారీ వెంకటరమణస్వామి పటం ఉండేది. తాత దాన్ని తీసి కళ్ళకద్దుకుని, వెనక మేకులు ఊడదీసి, అద్దం వేరు చేశాడు. స్వామి బొమ్మను మడతపడకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"నూనె రాడును సామి పటం మీద పెడతావా నాయనా?"

"సామి నా దగ్గర భద్రంగా ఉండాడు. ఇది ఉత్త అద్దం. ఈ అడవిలో దీనికంటే చదునైనది నాకు ఇంకోటి చూపించు, దాని మీదే పెడతా."

సీటు కింది పలక లాగి కల్వర్టు గోడ మీద పరిచి, దాని మీద అద్దం పెట్టాడు. రాడును అద్దం మీద దొర్లించాడు. తిన్నని కడ్డీ అయితే చప్పుడు లేకుండా దొర్లిపోతుంది. ఇది కుంటివాడిలా తట్టుకుంటూ దొర్లింది.

"నా కండ్లకు పొర కమ్మింది పాపా. నువ్వు చూడు. అద్దానికీ రాడుకూ మధ్యలో వెలుగు యాడ కనపడతాదో చెప్పు."

నేను చెంప పలకకు ఆనించి చూశాను. పడమటి ఎండ రాడు కింద నుంచి సన్నగా కారుతోంది. "ఈడ తాతా," అన్నాను. పటం మీంచి రాలిన కుంకుమ వేలికి అద్దుకుని అక్కడ చుక్క పెట్టాడు. వంపు పైకి వచ్చేలా రాడును కొయ్యదిమ్మ మీద పెట్టి, మీద ఇంకో చెక్కముక్క ఆనించి, సుత్తితో ఒక్కటి తట్టాడు. మళ్ళీ అద్దం మీదికి. మళ్ళీ దొర్లించడం, మళ్ళీ నా చూపు. చూసేది చాలాసేపు, కొట్టేది ఒక్కటే.

నాయన నిలవలేకపోయాడు. "గట్టిగా కొట్టు నాయనా, పొద్దు పోతా ఉండాది!"

"గట్టిగా కొడితే ఆ పక్కకు వంగతాది. అప్పుడు ఆ పక్కనించీ కొట్టాల. రెండు పక్కలా దెబ్బలు తిన్న ఇనుము నాలుగు దినాలు నిలబడదప్పా."

ఈసారి కొమ్మ దగ్గర్లోనే విరిగింది. దాని వెంబడే ఒక లోతైన గురగుర. చెవికంటే ముందు నా రొమ్ములో తెలిసింది. నా కాళ్ళు లారీ వైపు లాగుతున్నాయి.

"ఇంకా వెలుగు ఉండాదా పాపా?"

ఉంది. చాలా సన్నగా ఉంది. లేదు అంటే అందరం వెళ్ళిపోవచ్చు. లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తాత నన్ను తొందర పెట్టలేదు, నా ముఖం వైపు చూడనూ లేదు. అడవి అంతా నా మాట కోసమే ఆగినట్టు అనిపించింది.

"వెంట్రుకంత ఉండాది తాతా."

"మంచిది," అని, పసిబిడ్డను జోకొట్టినట్టు ఇంకొక్కటి తట్టాడు. అద్దం మీద రాడు చప్పుడు లేకుండా దొర్లింది. కింద వెలుగు మూసుకుపోయింది.

రాడును డీజిల్‌తో కడిగి గుంటలో నిలబెట్టి, రాకరును దాని మీదికి దించాడు. నాయన ముందువైపు హ్యాండిల్ వేసి ఇంజనును మెల్లగా తిప్పాడు. తాత సన్నని రేకు పెట్టి సందు సరిచూశాడు. మిగిలింది నట్టు బిగించడం. స్పానరు దాని మీద పెట్టబోయి, ఆగి, నాయన వైపు చాచాడు.

"నువ్వు బిగించప్పా. నా చెయ్యి వణకతా ఉండాది."

నేను ఆ చెయ్యి చూశాను. అది వణకడం లేదు. ఇప్పటిదాకా వెంట్రుక వాసి దెబ్బ కొట్టిన చెయ్యి అది. నాయన కూడా దాన్నే చూశాడు. స్పానరు అందుకున్నాడు. తాత అటు తిరిగి, అడవికి ఎదురుగా నిలబడి బీడీ వెలిగించుకున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నాయన ఆ నట్టు బిగించాడు. ఎవరూ చెప్పకుండానే పక్కదానికీ స్పానరు పెట్టి చూశాడు, ఆ పక్కదానికీ చూశాడు. లోయలో గురగుర వినబడుతూనే ఉన్నా, చివరిదాకా ఒక్కటీ వదలకుండా చూసి మూత వేశాడు.

ఇంజను అందుకుంది. లారీ మెల్లగా ఘాటు ఎక్కింది. మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, మేము నిలబడిన చోటికి ఒక పెద్ద నీడ రోడ్డెక్కి, తొండం ఎత్తి గాలిని వాసన చూస్తోంది.

"బేరానికి వచ్చినాడు పాపం. ఆలస్యమైపోయె," అన్నాడు తాత. నాయన నవ్వబోయి, కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు ఆ లారీ గొణుగుతోంది. నడుపుతున్నది మాత్రం నాయనే.

ఇంటికి పోయాక ఏమైందని మా అవ్వ అడిగింది. "పాత రాడు, జారింది," అన్నాడు తాత. ఆ నట్టు మాట ఆయన పోయేదాకా ఆయన నోట రాలేదు. తరువాతి ఏళ్ళలో మా ఊరి బండ్లన్నీ వాల్వు పనికి మా నాయన దగ్గరికే వచ్చేవి.

నేను మెత్తని మనిషిని కాను. ఊరికే దీపం వెలిగినా, గంజి పారబోసినా నా నోటికి అందరూ భయపడతారు. అయినా తప్పు చేసినవాడు నా ఎదుట తల దించుకుని నిలబడితే, నోరు తెరిచే ముందు చాలాసేపు చూస్తాను. మొన్న మా మనవడు బోరులో నీళ్ళు ఊరకముందే మోటారు ఆడించి కాల్చేశాడు. వాడి నాయన, అంటే నా కొడుకు, వాణ్ణి నలుగురిలో తిట్టాడు. మోటారును కృష్ణగిరిలో బాగు చేయించి తెచ్చి మళ్ళీ బోరులోకి దించిన రోజు, ఇంటిల్లిపాదీ తోటలో నిలబడ్డారు. స్విచ్చు వేయడానికి మా కొడుకు కదిలాడు. వాణ్ణి ఆపి, స్విచ్చు ఉండే షెడ్డు తాళంచెవి మనవడి చేతికిచ్చాను. "పోయి వేసిరా పో నాయనా," అని, నేను ఇటు తిరిగి వంకాయలు కోసుకుంటూ కూర్చున్నాను. కాలవలో నీళ్ళ చప్పుడు వినబడేదాకా అటు చూడలేదు.