బేస్‌మెంట్‌లో బాంబు గది

కెనడాలోని సస్కటూన్‌లో నేను వ్యవసాయ శాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నప్పుడు అద్దెకున్న బేస్‌మెంట్‌లో, అంటే నేలలోకి దిగి ఉన్న కింది అంతస్తులో, ఒక బాంబు గది ఉండేది. కాలేజీలకు మన పిల్లలు వచ్చిపడుతున్న రోజులవి. ఇల్లు దొరకడమే గగనం. దొరికిన ఇంట్లో ఎన్ని గదులున్నాయని తప్ప, అవెలాంటి గదులని ఎవరూ అడిగేవారు కాదు. మేమూ అడగలేదు.

మేం ఇద్దరం. నాది అనంతపురం. నాతో ఉన్న అమ్మాయిది కరీంనగర్. నాకన్నా చిన్నది, అకౌంటింగ్ డిప్లొమా చదువుతూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసేది. ముందొచ్చాను కాబట్టి కిటికీ ఉన్న గది నాకు దక్కింది. ఆమెకు దక్కింది నాలుగు పక్కలా, పైనా కాంక్రీటు పోసి, ఇనుప తలుపు బిగించిన గది. అమెరికా, రష్యాలు అణుబాంబులు చూపించి ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్న కాలంలో, ఈ ఇల్లు కట్టుకున్నాయన దాన్ని కట్టించాడట. బాంబు పడితే ఇంటిల్లిపాదీ అందులో దాక్కోవడానికి.

ఈ సంగతి చెప్పింది ఓనర్ అంకుల్. గుంటూరాయన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పై అంతస్తులో ఉండేవారు. ఆ గదంటే ఆయనకు మహా గర్వం.

"కెనడా మొత్తమ్మీద మీరే సేఫమ్మా. బాంబు పడ్డా మీకేం కాదు. పైన ఉన్న మేమే పోతాం" అని నవ్వేవారు.

నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆ సెమిస్టర్‌లో నేను ప్రచ్ఛన్న యుద్ధం మీద ఒక హిస్టరీ కోర్సు తీసుకున్నానని తెలిసిన రోజు నుంచి నాకు తిప్పలు మొదలయ్యాయి. బట్టలు ఉతుక్కుందామని వాషర్ దగ్గరికి వెళ్తే అక్కడికే వచ్చి పాఠం మొదలుపెట్టేవారు. అమెరికా ప్రెసిడెంట్ టేబుల్ మీద ఎర్ర ఫోన్ ఉండేది, అది ఎత్తితే అవతల రష్యావాడు పలికేవాడు అన్నారు. అది ఫోనే కాదు అంకుల్, టెలిప్రింటర్, అక్షరాలు టైపు చేసి పంపుకునేవాళ్ళు అన్నాను. "నేను సినిమాలో చూశానమ్మా" అన్నారు.

ఇంకోరోజు, "అంతా ఉత్తుత్తి బెదిరింపులే. ఒక్క తూటా పేలిందా చెప్పు. అందుకే కోల్డ్ వార్ అన్నారు" అన్నారు. కొరియా, వియత్నాం, అఫ్గానిస్తాన్ అని నేను వరస పెట్టబోతే, "అవి వాళ్ళ గొడవలమ్మా" అని చెయ్యి ఊపేశారు. లక్షల మంది చచ్చిపోయిన యుద్ధాలు ఆయన లెక్కలో ఎవరి గొడవలో. కెనడా మాత్రం హాయిగా కూర్చుని చూసిందన్నారు. ఆ రెండు దేశాల బాంబర్లకు దగ్గరి దారి మన నెత్తి మీదుగానేనని, అందుకే ఉత్తరాన మంచులో రాడార్లు వరసగా పెట్టారని, మనం ఇప్పుడుంటున్న ఈ రాష్ట్రంలోనే తవ్విన యురేనియం అమెరికా బాంబుల్లోకి వెళ్ళిందని చెప్పాను. బట్టలు ఆరాయి, మడతపెట్టడమూ అయిపోయింది, ఆయన మాత్రం ఒక్కటీ ఒప్పుకోలేదు.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. చిన్నప్పుడు మాస్కో నుంచి వచ్చిన తెలుగు బొమ్మల పుస్తకాలు చదువుకుని పెరిగిన మనిషి. ఆ నున్నటి కాగితం వాసన గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. ఒక దేశాన్ని పుస్తకం వాసనతో ప్రేమించినవాడికి నేను రాడార్ల గురించి చెప్పి ఏం లాభం?

ఫిబ్రవరి చివర్లో రష్యా ఉక్రెయిన్ మీద పడింది. ఇక మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. పైనుంచి అంకుల్ టీవీ మోత. కింద ఈ అమ్మాయికి కరీంనగర్ నుంచి గంటకో ఫోన్. వాళ్ళమ్మ అక్కడి చానెళ్ళలో మూడో ప్రపంచ యుద్ధం చూస్తోంది.

"బిడ్డా, ఆ గదిల నుంచి బయటికి రాకు. కాలేజీకి పోయి సక్కగ అండ్లకే రా. తలుపు మంచిగ పెట్టుకో" అని ఆమె చెప్పడం నాకూ వినపడేది.

ఈ పిల్ల అలాగే చేసింది. అసలే పక్కన ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని తలుపు కింద తువ్వాలు కుక్కేది. ఇప్పుడు ఖాళీ దొరికితే చాలు లోపలే. కొద్దిరోజులకే పొద్దున లేస్తూనే తల పట్టుకోవడం మొదలుపెట్టింది. ముఖం పాలిపోయింది. క్లాసులో నిద్రపోతున్నానంది.

"నా గదిలోకి వచ్చి పడుకో, కిటికీ ఉంది" అన్నాను.

"వద్దక్కా. అమ్మకు తెలిస్తే పరేషాన్ అయితది. బంకర్ల ఉన్నననే ఆమెకు ధైర్యం."

అంకుల్‌ని అడిగితే, "స్క్రీన్ టైమ్ ఎక్కువైందమ్మా, కళ్ళద్దాలు మార్చుకోమను" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముగ్గురూ ముగ్గురే. ఎవరితోనని వాదించను?

అప్పుడే మా కోర్సులో, ఆ కాలంలో బతికిన మనిషి ఒకరితో మాట్లాడి పేపర్ రాయమన్నారు. పక్కింటావిడని అడిగితే, మా ఇల్లు కట్టించినాయన కూతురు ఊళ్ళోనే ఉందని, నది అవతల అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటోందని చెప్పింది. ఫోన్ చేశాను. పెద్దావిడ నా మాట సాంతం వినకుండానే, "ఆ గది ఇంకా ఉందా? నేనే వస్తాను, చూడాలి" అంది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది, చేతికర్ర. వాళ్ళ తాత ముత్తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ గోధుమ పండించినవాళ్ళు. మెట్లు జాగ్రత్తగా దిగి, ఇనుప తలుపు మీద చెయ్యి వేసి, లోపల మంచం, మంచం మీద కూర్చున్న అమ్మాయి కనపడేసరికి ఆగిపోయింది.

"ఇక్కడ మనిషి పడుకుంటోందా?" అంది.

"ఇక్కడైతే సేఫ్ అని" అని గొణిగింది కరీంనగర్ అమ్మాయి.

పెద్దావిడ ఆమె పక్కన కూర్చుంది. నేను ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. ఆవిడ నన్ను చూడలేదు, ఆ పిల్లకే చెప్పింది. క్యూబాలో రష్యా క్షిపణులు దిగాయని అందరూ వణికిపోయిన వారంలో వాళ్ళ నాన్న అందర్నీ ఇందులో పడుకోబెట్టాడట. అమ్మా నాన్నా, నలుగురు పిల్లలు, ఒక కిరోసిన్ దీపం. ఈవిడకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆకాశం నుంచి ఏమీ పడలేదు. తెల్లవారి అమ్మ లేచి చూస్తే పిల్లలు ఎంత లేపినా ఒక పట్టాన లేవడం లేదు. లేచినవాళ్ళు వాంతులు. దీపం ఆరిపోయి ఉంది. అమ్మ ఒక్కొక్కరినీ ఈడ్చుకుంటూ పైకి తీసుకెళ్ళి మంచులో నిలబెట్టిందట.

"ఆ తర్వాత మా అమ్మ మళ్ళీ ఇందులో అడుగుపెట్టలేదు. పోతే పైన వంటింట్లోనే పోతాను అంది. నాన్న సిగ్గుపడి గాలికోసం ఒక గొట్టం పెట్టించాడు. మేం మాత్రం ఆలుగడ్డలు దాచుకున్నాం ఇందులో."

అని పైకప్పు మూలకు చూసింది. "ఆ గొట్టమేది?"

అక్కడ గోడ, కప్పు ఒకే తెల్ల రంగులో ఉన్నాయి. నేను కుర్చీ ఎక్కి తడిమాను. గుండ్రంగా, మెత్తగా తగిలింది. గోటితో గీకితే రంగు ఊడి, లోపల సందులు మూసే పసుపుపచ్చ ఫోమ్ బయటపడింది. ఎవరో గొట్టం నిండా నురగ కొట్టి, పైన రంగు వేశారు.

కరీంనగర్ అమ్మాయి లేచి పరుపు చుట్టి, నా గదిలోకి లాక్కెళ్ళడం మొదలుపెట్టింది. దుప్పటి నేల మీద ఈడ్చుకుపోతోంది. నేను రెండో కొస పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ వీడియో కాల్. పిల్ల కన్నీళ్ళు పెట్టుకుని జరిగింది చెప్పింది. ఆ తల్లి నమ్మలేదు. పెద్దావిడ ఫోన్ తీసుకుంది. నేను మధ్యలో తెలుగు చేశాను.

"చిన్నప్పుడు నేనూ ఆ గదిలో పడుకున్నాను. బాంబు నన్ను చంపలేదు. గది చంపబోయింది. మీ అమ్మాయికి కిటికీ కావాలి" అంది.

తర్వాత కరీంనగర్ తల్లి అడిగింది: "ఆ పెద్దామె తిన్నదా? ఏమన్న పెట్టిన్రా లేదా?"

ఆవిడకు మేం టీ కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. టీ పెట్టి, పొద్దుటి ఉప్మా వేడిచేసి ఇచ్చాం. జీడిపప్పులు ఏరుకుని ముందుగా తింది.

సాయంత్రం అంకుల్ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఏ తడబాటూ లేకుండా ఒప్పుకున్నారు.

"నేనే మూయించానమ్మా. చలిగాలి కొడుతోంది. పైగా బాంబు పడితే ఆ గొట్టంలోంచి రేడియేషన్ లోపలికి రాదా?"

"మరి లోపలున్నవాళ్ళు ఊపిరెలా పీల్చుకోవాలి అంకుల్?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "అప్పటికి ఏదో ఒకటి చూస్తాం" అన్నారు.

కిటికీ లేని గదిని పడకగదిగా ఇవ్వడం రూల్స్‌కి విరుద్ధమని, సిటీ ఆఫీసువాళ్ళకు ఫోన్ చేస్తానని చెప్పాను. ముఖం మాడ్చుకున్నారు. ఆయన భార్య, ఆంటీ, లోపలి నుంచి వచ్చి, "ఆ పిల్లకి ఏమన్నా అయ్యుంటే వాళ్ళమ్మకి మీరు ఫోన్ చేసేవారా?" అని అడిగాక గానీ దిగిరాలేదు. ఆ వారంలోనే పైనున్న ఆఫీసు గది ఖాళీ చేసి అమ్మాయికిచ్చారు. రెండు రోజుల్లో ఆమె తలనొప్పి పోయింది. బాంబు గదిలో కారుకు చలికాలంలో వేసే మంచు టైర్లు పెట్టుకున్నారు.

జూన్‌లో నది ఒడ్డున తెలుగువాళ్ళ పిక్నిక్ జరిగింది. నేను పులిహోర ప్లేటుతో నిలబడి ఉంటే, అవతల అంకుల్ చుట్టూ పదిమంది చేరారు.

"క్యూబా క్రైసిస్‌లో మా బేస్‌మెంట్ బంకరే ఒక ఫ్యామిలీ మొత్తాన్ని కాపాడిందండీ. ఆ ముసలావిడే స్వయంగా వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది" అంటున్నారు.

నేను నోరు తెరిచేలోపే కరీంనగర్ అమ్మాయి అందుకుంది. "కాదంకుల్. ఆమె ఏడ్వలే. నేనేడ్చిన. అండ్ల గాలి లేక వాళ్ళు సచ్చేటోళ్ళు. గొట్టం మూసింది మీరు."

అందరూ అంకుల్ వైపు చూశారు. ఆయన హాయిగా నవ్వి, ఆ అమ్మాయి భుజం తట్టి, "చూశారా, ఈ అమ్మాయే ఆ బంకర్‌లో ఉన్నది. అడగండి, ఆ గది ఎంత స్ట్రాంగ్‌గా ఉంటుందో" అన్నారు. జనం ఆమె చుట్టూ మూగి, గోడ ఎన్ని అంగుళాలని అడగడం మొదలుపెట్టారు.