విషం తెలిసిన పళ్లెం

పాత చీనా పింగాణీ పోగుచేసే పిచ్చి నాకు కర్నూల్లో పట్టింది. ఆ ఊరు రాజధానిగా ఉన్న రోజులవి. వారమంతా గుడారంలో నడిచే సర్కారు ఆఫీసులో గుమాస్తా పని, ఆదివారం వస్తే నవాబుల కాలంనాటి ఇళ్ల గడపలు తొక్కడం. "ఎవరెవరో తినిపోయిన పళ్లేలు మనకెందుకండీ" అని నా భార్య సణిగేది. వింటేనా!

ఒక ఆదివారం బురుజు వెనక సందులో ముసలి బీబీ ఒకామె ఆకుపచ్చ పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. అన్నంలో విషం కలిస్తే పగిలిపోతుందని నమ్మి వెనకటి నవాబులు ఏరికోరి తినే రకం. అంచు నుంచి నడిమిదాకా సన్నటి పగులు ఉంది.

"నా కొడుకు పండగనాడు దీంట్లోనే తిన్యాడప్పా. మాపటికి సచ్చిపాయె. తెల్లారి కడుగుతాంటే ఈ పగులు అగుపడె. వడ్డించింది కోడలే. పదేండ్లాయె, ఆ పిల్ల చేతి కూడు ముట్టల్యా నేను. ఈ పీడను తీస్కపో."

పళ్లేన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. పగులు మీద గోరు ఆనిస్తే నున్నగా జారిపోయింది. పైపూత అందులోకి కారి గడ్డకట్టి ఉంది. అంటే చీనాలో, బట్టీలో కాలేటప్పుడే పడిన పగులు. ఆ కొడుకే కాదు, ఆమె తాతలు పుట్టకముందు నుంచీ ఉన్నదే. చావు జరిగాక దాన్ని మొదటిసారి పరీక్షగా చూశారు, అంతే.

మాట నోటిదాకా వచ్చింది. చెబితే పళ్లెం ఇవ్వదేమోనని మింగేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. వాకిట్లో కోడలు, పళ్లెం చుట్టుకోమని గోనెపట్టా అందించింది. తలెత్తి నా వైపు చూడలేదామె.

ఇంటికి తెచ్చినప్పటి నుంచీ కుదురు లేదు. బీరువా తెరిస్తే చాలు, వెనక ఎవరో జవాబు కోసం నిలబడినట్టుండేది. అన్నానికి కూర్చుంటే గోనెపట్టా చాచిన ఆ చేతులే కనపడేవి. భయమేసి, కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులున్నాయి. నాలుగు నెలలు ఓర్చుకుని, చివరికి పళ్లెం తీసుకుని మళ్లీ ఆ ఇంటికి పోయాను.

కోడలు తలుపు తీసింది. అత్త పోయి నెల దాటిందట. పగులు పాతదనీ, అది ఆ రోజే నాకు తెలుసనీ గడపలోనే నిలబడి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు.

"నేను విషం పెట్టల్యాదని నాకు తెలవదా అప్పా? ఆఖర్న దప్పికైతాన్నా నా చేతి నీళ్లు తాగకుండానే పాయె. ఆ యమ్మకు చెప్పాల్సింటివి."